పొడి కలపని సూదిమందు

ఆమెను పరిశోధనశాలలో అందరూ తోకలక్క అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఆమెకు తెలియదు, పెట్టినందుకు కోపమూ లేదు. రోజూ పొద్దున్నే ఎలుకల గదిలోకి వెళ్ళి, ఒక్కో ఎలుకను తోక మొదట్లో పట్టుకుని పైకెత్తి, ఆ తోక చురుగ్గా మెలితిరుగుతోందా, తడిసిన దారంలా వేలాడుతోందా అని చూడటమే ఆమె ఉద్యోగంలో సగం. మిగతా సగం పంజరాలు కడగడం, రంపపు పొట్టు మార్చడం, నీళ్ళ సీసాలు నింపడం, సూదులు వేయడం.

నిజానికి ఆమెంత పిరికిమనిషి ఇంటావంటా లేదు. తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడేది. ఫోను మోగితే ఎవరికేమైందోనని గుండె పట్టుకునేది. ఉద్యోగంలో చేరిన రోజున ఆ పంజరాల వరసలు చూసి గోడకు వీపు ఆనించి నిలబడిపోయింది. కానీ చేతులు మాత్రం వేరే మనిషివి. లోపల గుండె దడదడలాడుతున్నా వేళ్ళు వణికేవి కావు. ఆ వేళ్ళను చూసే ఆమెను ఉంచుకున్నారు.

ఎలుకల గదికి రెండు తలుపులు. ఒకటి పూర్తిగా మూసుకుంటే గాని రెండోది తెరుచుకోదు. మధ్యలో చెప్పులు విడిచి, తెల్ల సూటు, టోపీ, మాస్కు, చేతి తొడుగులు వేసుకోవాలి. లోపల కిటికీలు లేవు. గాలి యంత్రం ఎప్పుడూ ఒకే శ్రుతిలో గుయ్యిమంటూ ఉంటుంది. దీపాలు వాటంతటవే వెలిగి వాటంతటవే ఆరిపోతాయి. అక్కడి ప్రాణులకు పగలన్నా రాత్రన్నా అవే.

ఆ ప్రయోగాలన్నిటికీ పెద్ద ఒక మేడమ్. మాటల్లో, పనిలో నిదానస్తురాలు. ఆమె మొదట్లోనే తోకలక్కను పక్కన కూర్చోబెట్టుకుని వివరంగా చెప్పింది. "కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది చూశారా అక్కా, మన నరాల మీద కూడా అలాంటి కొవ్వు తొడుగొకటి ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన కణాలే మతి తప్పి, దాన్ని శత్రువనుకుని కొరికేస్తాయి. మనుషుల్లో ఆ జబ్బుని మల్టిపుల్ స్క్లీరోసిస్ అంటారు. ఎలుకలకి అది దానంతటది రాదు. మనమే తెప్పిస్తాం. తెప్పించి, మందు పనిచేస్తుందో లేదో చూస్తాం."

"మనమే తెప్పిస్తాం" అన్న మాట దగ్గర తోకలక్క తలవంచుకుంది. తర్వాత అలవాటైపోయింది. ముందు తోక వాలుతుంది. ఆ తర్వాత వెనక కాళ్ళు తడబడతాయి. ఇంకా ముదిరితే, ఎలుక నడుం కింది భాగమంతా సంచిలా వెంట ఈడ్చుకుంటూ ముందు కాళ్ళతో పాకుతుంది. అప్పుడు పైనున్న మేత అందదు కాబట్టి, మేత నీళ్ళలో నానబెట్టి నేల మీదే పెట్టాలి. తోకలక్క దాన్ని చిన్న చిన్న ముద్దలు చేసి మూతి దగ్గర ఉంచేది. ఒక్కో ఎలుకకు, ఆరోగ్యంగా ఉంటే సున్నా నుంచి చచ్చిపోతే ఐదు దాకా, మార్కులు వేసేది. "బళ్ళో మార్కులు పెరిగితే మెచ్చుకుంటారు, నీ దగ్గర పెరిగితే పాడె కడతారు" అనేవాడు ఆమె భర్త. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అతను. రోజంతా చీకటి గొట్టాల్లో వేలాడి వచ్చి, ఇంట్లో మాత్రం స్టూలు ఎక్కడానికి బద్ధకించేవాడు.

వాళ్ళతోపాటే ఆమె చెల్లెలు కూడా ఉండేది. సిటీ బస్సు డ్రైవరు. అక్కకు ఎంత భయమో చెల్లెలికి అంత తెగువ. మనిషి పొట్టి, గొంతు పెద్దది. అడ్డొచ్చిన కారువాడిని కిటికీలోంచి తల బయటపెట్టి నాలుగు దులిపితే, బస్సులో వాళ్ళు టిక్కెట్టు గిట్టుబాటైందనుకునేవారు. అక్క ఎదురుచూస్తూ వీధి గుమ్మంలో నిలబడితే, "నా బస్సు పన్నెండు టన్నులే అక్కా, దాన్ని చూసి ఎదుటివాళ్ళకి భయమెయ్యాలి గానీ నాకెందుకు?" అనేది.

ఆ చెల్లెలు ఒక ఉదయం టీ తాగుతూ, ఎడమ కన్ను మూసి ఒకసారి, కుడి కన్ను మూసి ఒకసారి గోడ మీది క్యాలెండరు వంక చూసింది.

"అక్కా, ఇదేంటే, ఎర్ర అంకెలు ఈ కంటికి ఎర్రగా ఉన్నాయి, ఆ కంటికి ఉతికి ఉతికి వెలిసిపోయిన చొక్కాలా ఉన్నాయి. కన్ను తిప్పితే లోపల నొప్పి కూడా."

భర్త నవ్వాడు. "ఎర్ర లైటు కనపడకపోతే నిన్నింక ఆపేవాడే లేడు."

తోకలక్క నవ్వలేదు. కప్పు బల్ల మీద పెట్టిందో, గాల్లో పెట్టిందో ఆమెకే తెలియదు. టీ అంతా ఒలికింది. మేడమ్ పుస్తకాల గదిలో గోడకు అంటించిన బొమ్మలు, కంటి నరం వాచిన బొమ్మతో సహా, ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. ఇది అదే కావాలని లేదు. కంటి నొప్పి ఎంతమందికి రాదు! అనుకుంటూనే చెల్లెలిని బయల్దేరదీసింది.

అదే అయింది. కళ్ళ డాక్టరు నరాల డాక్టరు దగ్గరికి పంపాడు, ఆయన స్కానింగ్‌కి పంపాడు, వెన్నులోంచి నీరు తీయించాడు. చివరికి తెర మీద మెదడు బొమ్మ పెట్టి, అక్కడక్కడా తెల్లటి మచ్చలు చూపించాడు. గోడ మీద సున్నం చిందినట్టున్నాయి. కంటి వాపు తగ్గడానికి రక్తంలోకి మందు ఎక్కించారు. కొన్నాళ్ళకు రంగులు తిరిగొచ్చాయి గానీ, డిపో వాళ్ళు బస్సు మాత్రం ఇవ్వలేదు. మళ్ళీ మళ్ళీ రాకుండా ఉండటానికి రోజు విడిచి రోజు వేసుకోవాల్సిన సూదిమందు రాశాడు.

"ఇంటర్‌ఫెరాన్ అంటారమ్మా" అన్నాడు డాక్టరు.

తోకలక్క చేతిలో సంచీ జారి కిందపడింది. ఆ మాట ఆమె పరిశోధనశాలలో రోజుకు పదిసార్లు వింటున్నదే.

మందు పెట్టెలుగా వచ్చేది. ఒక్కో మోతాదుకు ఒక చిన్న సీసాలో తెల్లటి పొడి, పక్కనే నీటితో నింపిన సిరంజి. నీటిని సీసాలోకి వదిలి, నురగ రాకుండా మెల్లగా తిప్పి, పొడి కరిగాక వెనక్కి లాగి చర్మం కిందికి ఎక్కించాలి. ఇవాళ తొడ, మరోసారి పొట్ట, ఇంకోసారి చేయి. పన్నెండు టన్నుల బస్సును ఆటబొమ్మలా తిప్పే చెల్లెలికి లోకంలో ఒక్క సూదంటేనే భయం. తలగడలో మొహం దూర్చి, "అయిపోయిందా? అయిపోయిందా?" అని ముందునుంచే అరిచేది. అక్క వేళ్ళు మాత్రం ఎప్పటిలాగే నిలకడగా పనిచేసేవి. వేసిన కొన్ని గంటలకు చెల్లెలికి చలి, జ్వరం, ఒళ్ళంతా కొట్టినట్టు నొప్పులు వచ్చేవి. రెండు దుప్పట్లు కప్పుకుని, "ఇది మందా అక్కా, మొగుడా? ఇంత హింస పెడుతోంది" అని మూలిగేది. "నేను విన్నాను" అనేవాడు పక్కగదిలోంచి బావ.

ఆ రోజుల్లోనే మేడమ్ కొత్త ప్రయోగం మొదలుపెట్టింది. ఈ జబ్బు ఒకే రకం కాదేమో, కొరికే కణాల్లోనే రెండు తరహాలు ఉన్నాయేమో, రెంటి మీదా ఇంటర్‌ఫెరాన్ ఒకేలా పనిచేస్తుందా లేదా అన్నది చూడాలని. రెండు తరహాల కణాలనూ విడివిడిగా పెంచి, ఒక వరస ఎలుకలకు ఒకటి, రెండో వరసకు మరొకటి ఎక్కించారు. ప్రతి వరసలోనూ సగం ఎలుకలకు మందు, సగానికి ఉత్త ఉప్పునీరు. ఏ సీసాలో ఏముందో మేడమ్‌కు సహాయంగా ఉన్న ఒకే ఒక్క మనిషికి తెలుసు. సూది వేసే తోకలక్కకు తెలియదు. సీసాల మీద రంగు చుక్కలు మాత్రం ఉండేవి, నీలం, పసుపు. తెలిస్తే మార్కులు వేసేటప్పుడు కన్ను మోసం చేస్తుందని ఆ ఏర్పాటు.

మొదటి వరసలో నీలం చుక్క ఎలుకలు కోలుకున్నాయి. తోకలు మళ్ళీ మెలితిరిగాయి. తోకలక్క లోలోపలే అనుకుంది, ఇదే మందు, ఇదే నా చెల్లెలి మందు. ఆ ఆనందం రెండో వరస దగ్గరికి రాగానే ఆగిపోయింది. అక్కడ నీలం చుక్క ఎలుకలే ముందు పడిపోయాయి. పసుపు చుక్కవి తడబడుతూనైనా నడుస్తుంటే, నీలానివి పొట్టులో కూరుకుపోయి కళ్ళు మాత్రం తిప్పుతున్నాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంటే, వెనక కాళ్ళు రెండూ వేళ్ళ సందుల్లోంచి పీలికల్లా వేలాడాయి. దాని గుండె ఆమె బొటనవేలికి తగులుతూ టపటపా కొట్టుకుంటోంది.

కాదులే, నీలం ఉప్పునీరై ఉంటుంది, మొదటి వరసలో వాటంతటవే కోలుకుని ఉంటాయి, అని నచ్చజెప్పుకుంది. పంజరాల ముందు నిలబడి, ఆ చుక్కల వంక బిక్కుబిక్కుమంటూ చూసేది.

ప్రయోగం అయిపోయాక అందరినీ గదిలోకి పిలిచి మేడమ్ చెప్పింది. నీలం చుక్కే ఇంటర్‌ఫెరాన్. ఒక తరహా జబ్బును తగ్గించింది. రెండో తరహాను పెంచింది. మేడమ్ గొంతులో ఉత్సాహం దాగలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకేసారి మాట్లాడారు. తోకలక్క కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది. చెవుల్లో గాలి యంత్రం మోత తప్ప ఏమీ వినిపించలేదు.

ఆ సాయంత్రం సూది వేసే రోజు.

చెల్లెలు అప్పటికే తలగడలో మొహం దాచేసింది. "తొందరగా కానివ్వవే, ప్రాణం తియ్యకు." తోకలక్క పెట్టె విప్పింది. పొడి సీసా ఒక చేతిలో, నీటి సిరంజి ఒక చేతిలో. తన చెల్లెలిది ఏ వరస? మొదటిదా, రెండోదా? తెల్ల మచ్చల మీద ఏ గుర్తూ లేదు కదా. ఇన్నాళ్ళూ తన చేత్తో తనే ఎక్కించింది మందో, విషమో!

పొడి సీసాను గౌను జేబులో వేసుకుంది. ఉత్త నీరు మాత్రం ఎక్కించింది. వేళ్ళు వణకలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఆ పూట చెల్లెలికి జ్వరం రాలేదు. రెండో విడతా రాలేదు. "మందు నాకు లొంగిపోయింది చూశావా!" అంటూ చెల్లెలు ఇల్లంతా తిరిగింది. చొక్కాలు ఇస్త్రీ చేసుకుంది, బావతో పేకాడి ఓడించింది. తోకలక్క ప్రతిసారీ, ఈ ఒక్కసారికే, వచ్చేసారి నిజం మందు వేస్తాను, డాక్టరుని అడిగి వేస్తాను, అనుకుంటూనే వంటింటి బియ్యం డబ్బా వెనక సీసాలు దాచుతూ పోయింది. వేసినా భయమే, మానినా భయమే. నీళ్ళు ఎక్కిస్తూ, ఎవరేమడిగినా నీళ్ళు నములుతూ రోజులు గడిపింది.

"జ్వరం బొత్తిగా పోయిందే! మందు మార్చారా ఏం?" అని ఒకరోజు భర్త అడిగాడు.

"ఒళ్ళు అలవాటు పడుతుందటండీ" అంది ఆమె. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని ఆమెకు తెలియదు.

ఇంట్లో ఆమె చూపు మారిపోయింది. చెల్లెలు మేడమెట్లు ఎక్కుతుంటే వెనకాలే నిలబడి మడమలు చూసేది. గిన్నె అందుకుంటుంటే వేళ్ళు చూసేది. నిద్రలేచి వస్తుంటే నడకకు లోలోపల మార్కులు వేసేది. సున్నా. ఇవాళ కూడా సున్నా. చెల్లెలు ఒకసారి టక్కున వెనక్కి తిరిగింది.

"ఏంటే ఆ చూపు? నా తోక కూడా ఎత్తి చూస్తావా?"

బావ పగలబడి నవ్వాడు. తోకలక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇక ఉగ్గబట్టుకోలేక ఒక మధ్యాహ్నం మేడమ్ గది తలుపు తట్టింది. కూర్చోమన్నా కూర్చోకుండా, ముందు ప్రశ్నే అడిగింది. "మేడమ్, మనుషుల్లో కూడా ఆ రెండో తరహా ఉంటే, ఈ మందు వాళ్ళని పాడుచేస్తుందా?"

మేడమ్ కలం పక్కన పెట్టింది. "తెలియదక్కా. నిజంగా తెలియదు. మనం ఎలుకలకి ఎక్కించింది ఒక్క తరహా కణాలనే, ఏరి ఏరి పెంచి. మనిషి ఒంట్లో అన్నీ కలిసే ఉంటాయి. మనం వేసింది ఎలుకల ఇంటర్‌ఫెరాన్, వాళ్ళు వేసుకునేది మనిషిది. ఈ మందుతో ఏళ్ళ తరబడి బాగున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. కొంతమందికి పనిచెయ్యదు. ఎందుకు చెయ్యదో ఇదొక కారణం కావచ్చు. కావచ్చు అంతే." అప్పుడు మొహం ఎత్తి చూసింది. "ఎందుకడుగుతున్నారు?"

తోకలక్క చెప్పేసింది. చెప్తున్నంతసేపూ మేడమ్ మొహంలో రక్తం దిగిపోతూ వచ్చింది.

"ఆమెకి తెలుసా?"

"తెలీదు మేడమ్."

"ఎలుకల్ని అడగలేం కాబట్టి అడక్కుండా చేస్తున్నాం అక్కా. అదీ ఎన్ని అనుమతులు తీసుకుని! మీ చెల్లెలు పక్కగదిలోనే ఉంది." కోపం కాదు అది. మేడమ్ కూడా భయపడింది. "ఇవాళే చెప్పండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మందు మార్చాలంటే ఆయన మారుస్తారు. నా మాట పట్టుకుని మాత్రం ఏదీ ఆపకండి."

ఇవాళే చెప్పాలనే ఇంటికి వచ్చింది. తలుపు తీయగానే చెల్లెలు ఆమెను రెండు చేతులా ఎత్తి గిరగిరా తిప్పింది. డిపో వాళ్ళు కంటి పరీక్ష చేసి, మళ్ళీ బస్సు నడపొచ్చని ఒప్పుకున్నారు. బావ కేకు తెచ్చాడు. కేకు ముక్క నోట్లో పెట్టుకుని తోకలక్క మింగలేక కక్కలేక కూర్చుంది. రేపు చెప్తాను, అనుకుంది. ఆ రేపు మర్నాటికి రాలేదు, దాని మర్నాటికీ రాలేదు.

బస్సు ఎక్కే మొదటి రోజున అక్క కూడా వెంట వెళ్ళింది. "ఇదేమన్నా బడిలో మొదటి రోజా?" అని చెల్లెలు విసుక్కుంది గానీ, లోపల సంతోషపడింది. తోకలక్క డ్రైవరు వెనక పక్కసీటులో కూర్చుంది, పెడల్స్ కనపడే చోట.

కొంతదూరం అంతా బాగానే ఉంది. చెల్లెలు అద్దంలోంచి అక్కకు కన్నుకొట్టింది కూడా. బస్సు నిండింది. ఒక ముసలాయన సంచీ మీద కూర్చున్నాడు, ఒక తల్లి బిడ్డకు పాలసీసా పడుతోంది. వంతెన దాటి పల్లం మొదలయ్యే చోట, చెల్లెలు తల వంచి తన కుడికాలి వైపు చూసింది.

డ్రైవరన్నవాళ్ళు తమ కాలి వైపు చూడరు. పుట్టి బుద్ధెరిగి ఆమె చెల్లెలు ఏనాడూ చూడలేదు.

మళ్ళీ చూసింది. బూటు బ్రేకు మీదే ఉంది, కాని పక్కకు జారుతోంది. బస్సు వేగం అందుకుంటోంది. కింద కూడలిలో ఎర్ర లైటు, దాని ముందు బారులు తీరిన బళ్ళు. తోకలక్క సగం లేచి ముందున్న కమ్మీ పట్టుకుంది. చెల్లెలు కుడి మోకాలిని చేత్తో పట్టుకుని గట్టిగా కిందికి అదిమింది. రెండో చేత్తో పక్కనున్న చేతి బ్రేకు లాగింది. బస్సు బుస్సుమని, ఒక ఊపు ఊగి, రోడ్డు పక్కకు ఒరిగి ఆగింది. ముసలాయన సంచీ మీంచి దొర్లాడు. పాలసీసా సీట్ల కిందికి దొర్లిపోయింది. ముందున్న స్కూటరుకూ బస్సుకూ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా మిగిలింది.

"బండి పాడైంది. అందరూ దిగండి. వెనకాల ఇంకో బస్సొస్తుంది" అంది చెల్లెలు, ఎప్పటి పెద్ద గొంతుతోనే. జనం సణుక్కుంటూ దిగారు. చివరి మనిషి దిగాక, ఆ గొంతు చిన్నదైపోయింది.

"అక్కా. నా కాలు నాకు కనిపిస్తోంది. కానీ ఉన్నట్టు తెలియట్లేదే."

తోకలక్క అక్కడే, ఆ ఖాళీ బస్సులో, కమ్మీ పట్టుకుని మొత్తం చెప్పింది. ఎలుకల సంగతి, నీలం చుక్క సంగతి, పొడి సీసాల సంగతి. చెల్లెలు స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, అద్దంలోంచి రోడ్డు చూస్తూనే వింది.

"అంటే, నాకు నువ్వు వేస్తున్నది నీళ్ళా?"

"నీకేమన్నా అవుతుందని..."

"వెనకాల నలభై మంది ఉన్నారే."

"నాకు భయమేసింది."

"దిగు."

"పిల్లా..."

"బస్సు దిగక్కా."

ఆమె దిగింది. ప్రయాణికుల మధ్య కాలిబాట మీద నిలబడింది. పాలసీసా పోయిన బిడ్డ ఏడుస్తోంది. తలుపు మూసుకున్న బస్సులో చెల్లెలు తల స్టీరింగ్ మీద ఆన్చి ఉంది. భర్తకు ఫోను చేస్తే, అతను పని బట్టల్లోనే, చేతులకు గ్రీజుతోనే వచ్చాడు. అతన్ని చూశాకే చెల్లెలు తలుపు తీసింది. మరదలిని వీపున వేసుకుని దింపుతూ, అతను ఒక్క హాస్యమూ ఆడలేదు.

ఆసుపత్రిలో మళ్ళీ స్కానింగ్, మళ్ళీ రక్తంలోకి మందు. సీసాల సంగతి చెప్పాక, నరాల డాక్టరు కోప్పడతాడని, పోలీసులను పిలుస్తాడని కూడా తోకలక్క అనుకుంది. ఆయన చాలాసేపు బొమ్మలు చూసి, కళ్ళద్దాలు తీశాడు.

"కొత్త మచ్చలున్నాయి. వెన్నులో కూడా ఒకటి. ఇవి మందు వేస్తున్నప్పుడు వచ్చాయో, మానాక వచ్చాయో ఈ బొమ్మ చెప్పదు. మందు పూర్తిగా వేసుకుంటున్నవాళ్ళకి కూడా ఇలా వస్తుంది."

"నా వల్లే కదా డాక్టరుగారూ?"

"మీరు చేసింది తప్పు. ఇది దానివల్లే వచ్చిందా అంటే, నాకు తెలియదు. ఎవరికీ తెలియదు."

నీవల్లే అని ఉంటే ఏడ్చేది. నీవల్ల కాదు అని ఉంటే ఊపిరి పీల్చుకునేది. రెండూ కాని ఆ మాట గుండెల్లో రాయిలా పడిపోయింది. డాక్టరు ఇంటర్‌ఫెరాన్ మాన్పించి, ఆసుపత్రికి వచ్చి ఎక్కించుకునే వేరే మందు రాశాడు. దాని చెడు ఫలితాల గురించి చెప్తూ, అరుదుగానే అయినా మెదడుకు ప్రమాదం ఉండొచ్చని కూడా చెప్పాడు. తోకలక్క నోరు తెరవబోయింది. "నన్నడిగారు, నేను చెప్తాను" అంది చెల్లెలు. డాక్టరును ఒక్కొక్క ప్రశ్నే అడిగి, చివరికి సరేనంది.

ఇంటికి వచ్చాక చెల్లెలు అక్కతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా బావ ద్వారానే. "బావా, ఆ నీళ్ళ చెంబు ఇటివ్వమను." "ఏమే, నీళ్ళ చెంబు ఇవ్వమంటోంది." ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నా, మధ్యలో అతను దుబాసీ. "జీతం లేని ఉద్యోగం" అని గొణిగేవాడు. చెల్లెలు గోడ పట్టుకుని నడక మళ్ళీ నేర్చుకుంది. మెట్లమీద అడుగుల చప్పుడు రెండు రకాలుగా వినిపించేది, ఒకటి గట్టిగా, ఒకటి ఈడ్చినట్టు. తోకలక్క వంటింట్లో గోడవైపు తిరిగి నిలబడి వినేది. పనిలో కూడా ఆమెకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఒక ఎలుక తోక ఎత్తి, సున్నా వేయాలో ఒకటి వేయాలో తేల్చుకోలేక, మేడమ్‌ను పిలిచి చూపించింది.

ఒక ఆదివారం బట్టలు ఆరేస్తుంటే, వెనకనుంచి చెల్లెలి గొంతు వినిపించింది.

"వాటికి భయమేస్తుందా?"

తోకలక్క చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది. "వేటికి?"

"నీ ఎలుకలకి. సూది పట్టుకుని వస్తే."

"తెలీదు. చేతిలోకి తీసుకుంటే గుండె మాత్రం గబగబా కొట్టుకుంటుంది."

చెల్లెలు మెట్టు మీద కూర్చుంది. కాలిని రెండు చేతులతో సర్దుకుంది. "బస్సెక్కకముందే నాకు పాదంలో తిమ్మిరి ఉండేది. చెప్తే లైసెన్సు పోతుందని చెప్పలేదు. నువ్వు హడలి చస్తావని కూడా చెప్పలేదు."

"ఎప్పట్నించి?" తోకలక్క దుప్పటితోనే వెనక్కి తిరిగింది. "నేను నీళ్ళు మొదలుపెట్టకముందా? తర్వాతా?"

"ముందే అని చెప్పనా? నీకు తేలికవుతుంది." చెల్లెలు తల అడ్డంగా ఊపింది. "నిజంగా గుర్తులేదక్కా. గుర్తుంటే చెప్పేదాన్నే, ఎటైనా సరే."

దుప్పటి నీళ్ళు నేల మీద బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

చెల్లెలు మళ్ళీ బస్సు నడపలేదు. డిపోలో రేడియో ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏ దారి మూసుకుపోయిందో డ్రైవర్లకు చెప్పే పని ఇచ్చారు. ఆ పెద్ద గొంతు ఇప్పుడు ఊళ్ళోని బస్సులన్నిటిలో వినిపిస్తుంది. కొన్నిరోజులు చేతికర్ర లేకుండా నడుస్తుంది, కొన్నిరోజులు కర్రతో. మేడమ్ మాత్రం ఆ రెండు తరహాలను మనిషి రక్తంలోనే ముందుగా గుర్తుపట్టే దారి వెతుకుతోంది. ఇంకా దొరకలేదు. తోకలక్క ఎలుకల గదికి వెళ్తూనే ఉంది. రెండు తలుపుల మధ్య టోపీ పెట్టుకున్నాక, ఇప్పటికీ గోడకు వీపు ఆనించి ఒక్క క్షణం నిలబడి, అప్పుడు లోపలికి వెళ్తుంది.

మందు ఎక్కించే రోజున అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసే ఆసుపత్రికి వెళ్తారు. పొడవాటి గది, వరసగా వాలుకుర్చీలు. నర్సు మందు సంచీ తగిలించే ముందు చెల్లెలు ఆపుతుంది. "అక్కా, దాని మీద ఏం రాసుందో పైకి చదువు." తోకలక్క మందు పేరు, మోతాదు, చెల్లెలి పేరు, తారీఖు అన్నీ చదువుతుంది. పక్క కుర్చీలో ఒకాయన, "నాది కూడా చదివిపెట్టమ్మా, మా ఆవిడ మీద నాకూ అనుమానమే" అంటాడు. గదిలో నలుగురు నవ్వుతారు.

మందు చుక్క చుక్కగా దిగడం మొదలవుతుంది. మొన్న వెళ్ళినప్పుడు, దుప్పటి కింద చెల్లెలి కుడిపాదం ఒకసారి అదిరింది. మందు వల్లనో, జబ్బు వల్లనో, ఊరికేనో. తోకలక్క కన్ను అక్కడే అతుక్కుపోయింది. లోపల ఎవరో మార్కులు వేయడం మొదలుపెట్టారు.

"కాలి వైపు చూడకు" అంది చెల్లెలు. "నన్ను చూడు."

తోకలక్క తల ఎత్తి చూసింది. చెల్లెలి పెదాలు నవ్వుతున్నాయి. కళ్ళు మాత్రం సంచీలోంచి పడే చుక్కల మీద ఉన్నాయి, రెప్ప వేయకుండా. అక్క కుర్చీ దగ్గరకు జరుపుకుని, సూది లేని చేతిని పట్టుకుంది. ఆ అరచేయి చెమటతో చల్లగా ఉంది.